పాత డీజిల్ కోత యంత్రాలలో ఇంజన్ లోప సంకేతాలను చదివే విధానం

కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో సార్వా వరి కోతలు నవంబరు, డిసెంబరు మాసాలలో, సరిగ్గా తుపానుల కాలంలో, ముమ్మరమవుతాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుపాను వల్ల కోతకు వచ్చిన చేలు నేలవాలాయి, పనలు నీటిలో నానాయి. అటువంటి రోజులలో ఉయ్యూరు, గుడివాడ, దివిసీమ పరిసరాలలో ఒక కోత యంత్రం రెండు రోజులు నిలిచిపోతే నష్టం ధాన్యంతోనే ఆగదు. వరి తరువాత వేయవలసిన మినుముకు దక్కవలసిన నేల తేమ కూడా ఆరిపోతుంది. యంత్రం ఆగిన చోట తెరపై ఒక సంఖ్య కనిపిస్తూనే ఉంటుంది. దానిని సగం చదివి, పేరు వినిపించిన సెన్సార్‌ను మార్చి, లోపం అలాగే మిగలడం తరచుగా జరిగే పొరపాటు. సంకేతం పాడైన భాగాన్ని చెప్పదు. ఏ వలయంలో ఎటువంటి తేడా కనబడిందో మాత్రమే చెబుతుంది.

ముందుగా తేల్చుకోవలసినది ఇంజన్‌కు ఎలక్ట్రానిక్ నియంత్రణ యూనిట్, అంటే ఇ.సి.యు., ఉన్నదా లేదా అన్న విషయం. డెల్టాలో తిరిగే పాత ట్రాక్టర్లలోనూ, చైన్ మిషన్లలోనూ చాలావాటికి మెకానికల్ ఇంధన పంపే ఉంటుంది. వాటిలో ఎర్రదీపం, బజర్ తప్ప సంకేతాలు ఉండవు. 50 హార్స్‌పవర్ పైబడిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్ నాలుగవ దశ ఉద్గార ప్రమాణాలు అమలులోకి రావడంతో కామన్ రైల్ ఇంజన్లు పెరిగాయి. అయితే పెద్ద హార్వెస్టర్లు, చేపల చెరువులు తవ్వే పొక్లెయిన్‌ల వంటి కొన్ని యంత్రాలకు అంతకుముందే ఎలక్ట్రానిక్ ఇంజన్లు వచ్చాయి. వారంటీ ముగిసి, చేతులు మారి, వైరింగ్‌కు అతుకులు పడిన ఈ యంత్రాలే నేడు ఎక్కువ చిక్కు తెచ్చిపెడుతున్నాయి.

తెర లేని పాత నమూనాలలో దీపం మిణుకుల ద్వారా సంకేతం వస్తుంది. రెండు మిణుకులు, విరామం, మళ్ళీ మూడు మిణుకులు అయితే అది 23. ఈ సంఖ్యల అర్థం కంపెనీని బట్టి మారుతుంది కనుక ఆ ఇంజన్ పుస్తకం లేనిదే ఊహించరాదు. కొన్ని ఇంజన్లు పి అక్షరంతో మొదలయ్యే సంకేతాలు చూపుతాయి. భారీ యంత్రాలలో ఎక్కువగా కనిపించేది జె1939 ప్రమాణం. ఇందులో సంకేతానికి రెండు భాగాలు ఉంటాయి. మొదటిదైన ఎస్.పి.ఎన్. దేనికి సంబంధించినదో తెలుపుతుంది: 100 ఇంజన్ ఆయిల్ పీడనం, 110 కూలెంట్ ఉష్ణోగ్రత, 97 డీజిల్‌లో నీరు, 157 రైలులోని ఇంధన పీడనం, 168 బ్యాటరీ వోల్టేజి. 520192 నుంచి 524287 వరకు ఉన్న సంఖ్యలు మాత్రం తయారీదారు సొంతానికి కేటాయించినవి. వాటిని ఒక కంపెనీ పట్టికలో చూసి మరొక కంపెనీ ఇంజన్‌కు అన్వయించరాదు.

రెండవ భాగమైన ఎఫ్.ఎం.ఐ. తేడా స్వభావాన్ని చెబుతుంది. మెకానిక్‌లు వదిలేసేది సాధారణంగా దీనినే. 0 అంటే విలువ ప్రమాదకరంగా ఎక్కువ, 1 అంటే ప్రమాదకరంగా తక్కువ. 15 నుంచి 18 వరకు అదే ఎక్కువ తక్కువలు స్వల్ప, మధ్యమ స్థాయిలలో. 3 వోల్టేజి అధికం, 4 వోల్టేజి అల్పం, 5 కరెంటు అల్పం లేదా తీగ తెగడం, 2 నిలకడ లేని సమాచారం. 0, 1 వంటివి ఇంజన్ పరిస్థితిని గురించిన హెచ్చరికలు. 3, 4, 5 వంటివి విద్యుత్ వలయాన్ని గురించినవి. 100 పక్కన 1 ఉంటే ఇంజన్‌ను వెంటనే ఆపి, ఆయిల్ మట్టం చూసి, మెకానికల్ గేజితో పీడనాన్ని నిర్ధారించుకోవాలి. అదే 100 పక్కన 4 ఉంటే ముందు అనుమానించవలసినది తీగను, కనెక్టర్‌ను. అలాగని ఆయిల్ మట్టం చూడకుండా ఇంజన్ నడపకూడదు.

110తో 4 వచ్చిన సందర్భాన్ని పరిశీలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. కూలెంట్ సెన్సార్ రెండు తీగల థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. ఇ.సి.యు. సుమారు 5 వోల్టులు పంపి, తిరిగి కనబడే వోల్టేజిని బట్టి ఉష్ణోగ్రతను లెక్కిస్తుంది. తీగ భూమికి తగిలినా, సెన్సార్ లోపల షార్ట్ అయినా వోల్టేజి పడిపోయి 4 వస్తుంది. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, సెన్సార్ ప్లగ్ ఊడదీయాలి. సంకేతం 4 నుంచి 3కు మారితే తీగలు, ఇ.సి.యు. బాగున్నట్లే; లోపం సెన్సార్‌లో ఉంది. 4 మారకుండా నిలిస్తే సెన్సార్ మార్చి ప్రయోజనం లేదు, తీగను వెదకాలి. మొదట వచ్చినది 3 అయితే, ఊడదీసిన ప్లగ్‌లోని రెండు కొనలను చిన్న తీగతో కలిపి 4 వస్తుందేమో చూడాలి. ఈ కలిపే పరీక్ష రెండు తీగల సెన్సార్‌కే పరిమితం. మూడు తీగల పీడన సెన్సార్లపై చేయరాదు.

సంబంధం లేని నాలుగైదు సంకేతాలు ఒకేసారి వస్తే అన్ని భాగాలూ ఒకే రోజు పాడయ్యాయని అనుకోవడం కంటే, వాటికి ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడడం మేలు. బ్యాటరీ, ఎర్త్ తీగ, 5 వోల్టుల ఉమ్మడి సరఫరా ఆ కోవకు చెందుతాయి. స్టార్టర్ తిరిగేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ 9.6 వోల్టుల కంటే దిగితే ముందు బ్యాటరీని, దాని కొనలను సరిచేయాలి. సీజన్ ముగిశాక నెలల తరబడి షెడ్డులో నిలిపిన యంత్రాలలో ఎలుకలు కొరికిన వైరింగ్, మచిలీపట్నం, దివిసీమ తీర గ్రామాలలో ఉప్పు గాలికి పచ్చబారిన కనెక్టర్ పిన్నులు కనిపిస్తూ ఉంటాయి. చేలో ఎలుకల నివారణ చెప్పే విస్తరణ శాస్త్రవేత్త షెడ్డు వైపు కూడా ఒకసారి చూడడం మంచిది. తొమ్మిది పిన్నుల పరీక్షా సాకెట్ ఉన్నచోట, బ్యాటరీ తీసివేసి సి, డి పిన్నుల మధ్య కొలిస్తే సుమారు 60 ఓంలు రావాలి. 120 వస్తే సమాచార తీగల చివర ఉండే రెండు నిరోధకాలలో ఒకటి అందడం లేదని అర్థం.

157తో 1 లేదా 18 వచ్చినపుడు వేలాది రూపాయల పంపును నిందించే ముందు ఫిల్టరు, నీటి సెపరేటరు, ట్యాంకు నుంచి వచ్చే పైపులో గాలి పీల్చే బిగింపులు చూడాలి. క్యాన్లలో నిలువ ఉంచిన డీజిల్‌తో నీరు, మురికి ట్యాంకులోకి చేరడం సులభం. ఇక్కడ ఒక పాత అలవాటును గట్టిగా మాన్పించవలసి ఉంది. మెకానికల్ పంపు ఉన్న ఇంజన్లలో ఏ సిలిండరు పనిచేయడం లేదో తెలుసుకోవడానికి నడుస్తున్న ఇంజన్‌పై ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేస్తారు. కామన్ రైలులో పీడనం వెయ్యి బార్‌లు దాటుతుంది. అక్కడ నట్టు వదులైతే సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా చేతిని కోల్పోయే ప్రమాదముంది. కారుతున్న చోటును వేలితో తడమరాదు, అట్టముక్కతో చూడాలి. గాయమైతే ఆలస్యం లేకుండా శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆసుపత్రికి చేర్చి, అధిక పీడన డీజిల్ గాయమని వైద్యునికి చెప్పాలి.

సంకేతాలను చెరిపివేయడం మరమ్మతు కాదు. చెరపక ముందే రెండు సంఖ్యలను, ఎన్నిసార్లు వచ్చిందో, ప్రస్తుతం చురుకుగా ఉన్నదా గతంలోనిదా అన్నది, ఆ సమయంలో ఇంజన్ ఎంత బరువుపై నడుస్తున్నదీ రాసుకోవాలి. బురద చేలో కుదుపుకు వచ్చి గట్టుపై నిలిపితే మాయమయ్యే సంకేతానికి ఆ నమోదే ఆధారం. అటువంటప్పుడు ఇంజన్‌ను నెమ్మదిగా నడుపుతూ, కదిలే భాగాలకు, వేడి భాగాలకు దూరంగా ఉన్న వైరింగ్ కట్టను ఒక్కొక్క చోట కదిలించి, ఏ చోట కదిపితే దీపం వెలుగుతుందో చూడాలి. మరమ్మతు తరువాత సంకేతం చెరిపి, మళ్ళీ అదే బరువుపై, అదే వేడిలో, కనీసం ఒక ట్యాంకు ధాన్యం నిండే వరకు కోసిన పిమ్మటే యంత్రాన్ని అప్పగించాలి.