పేరు ఒకచోట, ఇల్లు ఒకచోట: వెబ్‌సైటుకు డొమైన్ కలపడం ఎలా?



స్కాలర్‌షిప్ వివరాలు, పాత ప్రశ్నపత్రాలు, ఉద్యోగ ప్రకటనలు ఒకచోట దొరికేలా సంఘం తరఫున వెబ్‌సైటు పెట్టాలన్న ఆలోచన ఎందరికో ఉంటుంది. కానీ డొమైన్ ఒకచోట, హోస్టింగ్ మరొకచోట కొన్నాక రెండింటినీ కలపడం తెలియక పని ఆగిపోతుంది. ఇది పెద్ద విద్యేమీ కాదు. వరుస తెలిస్తే ఎవరైనా చేయగలరు.

డొమైన్ అంటే పేరు. హోస్టింగ్ అంటే మన పేజీలు దాచుకునే, ఎప్పుడూ పనిచేస్తూ ఉండే కంప్యూటరులో అద్దె స్థలం. ఆ కంప్యూటరుకు ఐపీ అడ్రసు అనే అంకెల చిరునామా ఉంటుంది.

మీ నాన్నగారు ఊరి నుంచి మిమ్మల్ని చూడటానికి వచ్చారనుకోండి. ఆయనకు మీ పేరే తెలుసు, గది నంబరు తెలియదు. హాస్టల్ రిజిస్టరు చూసి గది నంబరు చెబుతారు. రిజిస్టరులో మీ పేరు ఎక్కకపోతే, మీరు గదిలో ఉన్నా ఆయన గేటు దగ్గరే నిలబడాలి. ఇంటర్నెట్‌లో ఆ రిజిస్టరు పేరే డీఎన్ఎస్. పూర్వం కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలులో రాసి ఉంచేవారు. పేర్లు పెరిగిపోవడంతో 1983లో పాల్ మొకాపెట్రిస్ ఈ పద్ధతిని రూపొందించారు. ఇందులో మన డొమైన్ వివరాలు ఉంచే కంప్యూటరును నేమ్ సర్వర్ అంటారు.

కలపడానికి రెండు దారులున్నాయి.

మొదటిది, నేమ్ సర్వర్లు మార్చడం. హోస్టింగ్ కంపెనీ సాధారణంగా రెండు నేమ్ సర్వర్ల పేర్లు ఇస్తుంది. డొమైన్ కొన్న కంపెనీ ఖాతాలోకి వెళ్లి, పాత పేర్లు తీసి వీటిని రాసి సేవ్ చేయాలి. కొత్త సైటుకు ఇదే సులువు. అప్పటికే ఆ డొమైన్‌పై ఈమెయిల్ నడుస్తుంటే మాత్రం, ఎంఎక్స్ రికార్డులను ముందుగా కొత్తచోట రాసుకోవాలి. లేకుంటే ఉత్తరాలు ఆగిపోతాయి.

రెండోది, ఏ రికార్డు మార్చడం. నేమ్ సర్వర్లు కదపకుండా, అక్కడి డీఎన్ఎస్ పేజీలో ఏ రికార్డు ఎదురుగా హోస్టింగ్ ఐపీ అడ్రసు రాయాలి. మూడు డబ్ల్యూలతో మొదలయ్యే పేరుకు సీనేమ్ రికార్డు పెట్టి అసలు పేరుకు తిప్పాలి. ఈమెయిల్ జోలికి పోనక్కరలేదు. కానీ హోస్టింగ్ వారి ఐపీ మారితే మనమే మళ్లీ మార్చుకోవాలి.

ఏ దారిలో వెళ్లినా హోస్టింగ్ ఖాతాలో కూడా డొమైన్ పేరు చేర్చాలి. ఒకే ఐపీ మీద ఎన్నో సైట్లు ఉంటాయి కనుక, పేరు చేర్చకపోతే ఏ సైటు చూపాలో ఆ కంప్యూటరుకు తెలియదు.

సేవ్ చేయగానే సైటు కనబడకపోతే కంగారు పడవద్దు. పాత చిరునామాను కొంతకాలం గుర్తుంచుకోమని చెప్పే గడువును టీటీఎల్ అంటారు. 3600 అని ఉంటే గంట, 86400 అని ఉంటే ఒక రోజు. నేమ్ సర్వర్ల మార్పుకు 24 నుంచి 48 గంటలు పట్టవచ్చు. ఈలోగా పదేపదే మార్చితే చిక్కు పెరుగుతుంది. సైటు కనబడ్డాక ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ పెట్టాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ దీన్ని ఉచితంగా ఇస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. డొమైన్ మనకు శాశ్వతంగా అమ్ముడుపోదు. డాట్ కామ్ వంటి పేర్లను ఒకేసారి పదేళ్లకు మించి తీసుకోలేం. గడువులోగా రెన్యువల్ చేయకపోతే కొన్నాళ్లకు ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. అప్పుడు మన హాస్టల్ పేరు నమ్మి వచ్చిన పదో తరగతి పిల్లవాడికి స్కాలర్‌షిప్ ఫారం బదులు జూదం ప్రకటనో, మోసగాడి పేజీయో ఎదురుకావచ్చు.

కాబట్టి డొమైన్‌ను ఏ ఒక్కరి పేరునో, సైటు చేసిపెట్టినవారి పేరునో కాక సంఘం పేరున తీసుకోండి. పాస్‌వర్డు కనీసం ఇద్దరు బాధ్యుల దగ్గర ఉంచండి. ఖాతాకు ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్‌ది కాకూడదు. డొమైన్ ఆగితే హెచ్చరిక కూడా అందదు. రెన్యువల్ తేదీని సంఘం మినిట్స్ పుస్తకంలో రాయండి.

పేరు నిలబెట్టుకోవడం మన చేతిలోనే ఉంది. తమ్ముళ్లారా, కంప్యూటర్ ల్యాబులో ఒకసారి ప్రయత్నించి చూడండి. వచ్చే ఏడాది మీ తర్వాతి వారికి మీరే నేర్పండి.