కలముతో ఋణము తీర్చిన నవలాకారుడు

చారిత్రక నవలకు మార్గదర్శి యగు వాల్టరు స్కాటు 1771లో స్కాట్లండునందలి ఎడింబరోలో జన్మించెను. పసితనమున జబ్బుచే కాలు కుంటుపడగా, తాతగారి పల్లెలో సేద్యపుటింట పెరుగుచు పూర్వుల యుద్ధగాథలు వినెను. 1814 నాటి ‘వేవర్లీ’ మొదలగు నవలలకు అవియే విత్తనములు.

1811లో ట్వీడు నదీతీరమున చిన్న కమతము కొని, పొరుగు భూములు కలుపుచు, రాబడికి మించి వ్యయపడెను. 1826లో తాను భాగస్వామిగా నున్న ముద్రణాలయము కూలిపోగా, లక్ష పౌన్లకు మించిన ఋణము ఆయనపై బడెను. స్కాటు దివాలాకు ఒప్పుకొనలేదు. ఋణదాతలతో ఒడంబడి, అనారోగ్యమునందును ఎడతెగక వ్రాసి చాలభాగము తీర్చి, 1832లో గతించెను. శేషము ఆయన గ్రంథముల రాబడివలననే తీరెను.

సభ్యులారా! పూచీపడునపుడు లెక్కలు చూచుకొనుట, పడిన పిమ్మట మాట నిలుపుకొనుట, ఈ రెండును మన సంఘములకు ప్రాణములు.