పొటోమాక్ మీద కొత్త వంతెన: ఆరు లేన్ల నుంచి పన్నెండు లేన్లకు

వాషింగ్టన్ పరిసరాలలో కాపురాలు పెట్టిన మన తెలుగు కుటుంబాలకు క్యాపిటల్ బెల్ట్‌వేను కొత్తగా పరిచయం చెయ్యనక్కరలేదు. ఇల్లు వర్జీనియాలో, ఉద్యోగం మేరీలాండ్‌లో. లేదా ఇల్లు మేరీలాండ్‌లో, పిల్లల సంగీతం పాఠం వర్జీనియాలో. అలెగ్జాండ్రియా, స్ప్రింగ్‌ఫీల్డ్ వైపు వుండేవారు లాన్‌హమ్‌లోని శివవిష్ణు ఆలయానికి వెళ్ళాలంటే పొటోమాక్ నది దాటాలి. అటు దగ్గరదారి ఉడ్రో విల్సన్ వంతెన. పాత వంతెన రోజులు ఎరిగినవారు బయల్దేరేముందు ముహూర్తం చూసుకున్నా చూసుకోకపోయినా, రేడియోలో ట్రాఫిక్ వార్తలు మాత్రం తప్పక వినేవారు.

ఆ పాత వంతెన పోయి కొత్తది ఎందుకు వచ్చింది, ఎలా వచ్చింది, దానివల్ల మనకు ఒరిగిందేమిటి అన్న సంగతులు ఈ నెల చదువరుల ముందు వుంచుతున్నాం. ఇది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయం కాదని చివరికి మీరూ ఒప్పుకుంటారని మా నమ్మకం.

పాత వంతెనను 1961 డిసెంబరు 28న ప్రారంభించారు. ఆరు లేన్లు, రోజుకు 75 వేల వాహనాలు వెళ్ళవచ్చునని అంచనా. నగరం చుట్టూ 64 మైళ్ళ బెల్ట్‌వే 1964 ఆగస్టులో పూర్తయింది. అప్పటికి అది చాలినంత వంతెనే. తరువాత రెండు సంగతులు జరిగాయి. మొదటిది, బెల్ట్‌వేను ఎనిమిది లేన్లకు విస్తరించారు గాని వంతెన ఆరు లేన్ల దగ్గరే ఆగిపోయింది. రెండవది, ఐ-95 జాతీయ రహదారిని వాషింగ్టన్ నగరం మధ్యనుంచి తీసుకుపోవాలన్న ఆలోచనను 1977లో వదులుకుని, దానిని బెల్ట్‌వే తూర్పు భాగం మీదికి మళ్ళించారు. దాంతో మెయిన్ నుంచి ఫ్లారిడా దాకా పోయే లారీలన్నీ మన పాలు కూరగాయల ప్రయాణాలతో కలిసి ఈ ఒక్క వంతెన మీదికి వచ్చి పడ్డాయి. 1990ల చివరికి రోజుకు రెండు లక్షలకు దగ్గరగా వాహనాలు దాటుతుండేవి.

గరాటులో నీళ్ళు పోస్తే ఏమవుతుందో అక్కడా అదే అయింది. ఎనిమిది లేన్లలో వచ్చినవారు ఆరు లేన్లలోకి ఇరుక్కోవాలి. పక్కకు ఆపుకోవడానికి జాగా లేదు కనుక ఒక కారు టైరు పంక్చరయితే ఒక లేను మూతపడినట్టే. ప్రమాదాలు కూడా ఇలాటి ఇతర రోడ్లకంటె ఎక్కువే. 1987 నవంబరు 11న అనుకోని మంచు కురిసినప్పుడు కార్లలో వున్నవారు ఈ వంతెన మీద గంటల తరబడి చిక్కుబడిపోయారు.

వీటన్నిటికీ తోడు అది తెరుచుకునే వంతెన. అలెగ్జాండ్రియా రేవుకు వార్తాపత్రికల కాగితం తెచ్చే ఓడలు, నౌకాదళం ఓడలు, ఎత్తయిన తెరచాప పడవలు వచ్చినప్పుడు రోడ్డు రెండుగా చీలి పైకి లేచేది. నీటికి 50 అడుగుల ఎత్తే వుండడంవల్ల ఏడాదికి సుమారు 260 సార్లు తెరవవలసి వచ్చేది.

1983 నాటికి రోడ్డు పలకలు మార్చి మరమ్మతు చేశారు. రాత్రిళ్ళు పని, పగళ్ళు ట్రాఫిక్. కాని లారీల బరువు ముందు ఆ మరమ్మతు ఎన్నాళ్ళు నిలుస్తుంది? త్వరలో భారీ ట్రక్కులను నిషేధించవలసి వస్తుందన్న హెచ్చరికలు మొదలయ్యాయి. కొత్తది కట్టక తప్పదని అందరూ ఒప్పుకున్నారు. ఎలాటిది కట్టాలన్న దగ్గర ఎవరికి వారే అయ్యారు. కొందరు సొరంగమన్నారు. కొందరు ఎప్పటికీ తెరవనక్కరలేనంత ఎత్తున కట్టాలన్నారు. అంత ఎత్తయితే తమ పాత ఊరి అందం పోతుందని, పన్నెండు లేన్లు మరీ ఎక్కువని అలెగ్జాండ్రియా వాసులు అభ్యంతరం చెప్పారు. విషయం కోర్టుకెక్కింది. 1999 డిసెంబరులో అప్పీలు కోర్టు తీర్పు ప్రభుత్వానికి అనుకూలంగా వచ్చాక 2000లో నదిలో పూడిక తీసే పని మొదలయింది.

చివరికి కుదిరిన రాజీ ఇది: నీటికి 70 అడుగుల ఎత్తు, తెరుచుకునే వంతెనే, కాని పక్కపక్కన రెండు. ఇరవై అడుగులు పెరగడంవల్ల తెరవవలసిన అవసరం ఏడాదికి 60, 65 సార్లకు తగ్గుతుందని లెక్క కట్టారు.

డబ్బు సంగతి దగ్గర మరొక చిక్కు వచ్చింది. 1998 రహదారుల చట్టంలో ఫెడరల్ ప్రభుత్వం 90 కోట్ల డాలర్లు కేటాయించింది. 2001 డిసెంబరులో వంతెన పైభాగానికి టెండర్లు పిలిస్తే ఒక్కటే వచ్చింది. అదీ 86 కోట్ల డాలర్లకు, అంటే అంచనాకంటె 70 శాతానికి పైగా ఎక్కువ. అధికారులు దానిని తిరస్కరించి, పనిని మూడు ముక్కలుగా విడగొట్టి మళ్ళీ పిలిచారు. చిన్న ముక్కలు కావడంతో పోటీ పెరిగింది, ధరలు దిగివచ్చాయి. ఇల్లు కట్టించుకునే మనవారు కూడా గుర్తుంచుకోదగ్గ పాఠమిది.

నదిలో నేల మెత్తన. అందుచేత ముఖ్యమైన స్తంభాల కింద 200 అడుగులకు పైగా పొడవున్న ఉక్కు గొట్టాలను దిగగొట్టారు. ఆ దెబ్బల అదురుకు చేపలు చావకుండా చుట్టూ నీటిలో గాలి బుడగల తెర కట్టారు. వున్న ట్రాఫిక్‌ను ఆపకుండా కొత్తది కట్టడం అన్నిటికన్న కష్టం. 2006 జూన్‌లో మొదటి వంతెన మీదికి ఒక దిక్కు వాహనాలను, జులైలో రెండో దిక్కు వాహనాలను మళ్ళించారు. ఆగస్టులో పాత వంతెనలో కొంత భాగాన్ని పేల్చివేశారు. ఆ మీట నొక్కే అవకాశం ఆ వంతెన మీద అందరికన్న ఎక్కువ అవస్థ పడ్డవారికని పోటీ పెట్టి, గెలిచిన ప్రయాణికుడి చేత నొక్కించారు. పోటీకి కొరత వుండి వుండదు! 2008 మే 30న రెండో వంతెన, ఆ డిసెంబరులో పది లేన్లూ తెరిచారు. 2009 జూన్‌లో నడిచేవారికి, సైకిళ్ళకు బాట వచ్చింది. ఏడున్నర మైళ్ళ రోడ్డు, నాలుగు కూడళ్ళు అన్నీ కలిపి ఖర్చు సుమారు 250 కోట్ల డాలర్లు. చివరిగా టెలిగ్రాఫ్ రోడ్డు కూడలి పని 2013లో ముగిసింది.

మన గోదావరి మీద 1900లో తెరిచిన హేవలాక్ వంతెన 1997 దాకా రైళ్ళను మోసింది. విల్సన్ వంతెన నలభై అయిదేళ్ళకే విశ్రాంతి తీసుకుంది. కట్టినవారి లోపమని దీనికి అర్థం కాదు. 75 వేలకు కట్టినదాని మీద రెండు లక్షలు నడిస్తే మరేమవుతుంది? వంతెనలు మనల్ని ఎంతకాలం మోస్తాయన్నది మనం వాటి మీద ఎంత మోపుతామన్న దానిమీద కూడా ఆధారపడి వుంటుంది.

2024 మార్చి 26న బాల్టిమోర్‌లో ఓడ ఢీకొని ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన కూలినప్పుడు, ఆ రాత్రి రోడ్డు గుంతలు పూడుస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. వాళ్ళూ మనలాగే వేరే దేశాలనుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు. నారింజరంగు పీపాల మధ్య విసుక్కుంటూ కారు నడిపేటప్పుడు అవతల నిలబడి పనిచేసేవారిని కూడా తలుచుకుని, వేగం తగ్గించడం మన ధర్మం.

ఇక మిగిలిన మాట. కొత్త వంతెన మీద పన్నెండు లేన్లకు చోటుంది. పది వాడుకలో పెట్టారు. మిగతా రెండు బస్సులకో, రైలుకో, ఎక్కువమంది కూర్చున్న కార్లకో అని వుంచారు. వాటిని టోలు లేన్లలో కలపవచ్చునన్న ఆలోచన మీద వర్జీనియా ప్రభుత్వం ఇటీవలి సంవత్సరాలలో అధ్యయనం చేపట్టింది. డబ్బు కట్టగలవారు త్వరగా పోతారు, రోడ్డు మీద ఒత్తిడీ కొంత తగ్గుతుందని ఒక వాదం. రైలుకోసం దాచిన చోటు ఒకసారి పోతే మళ్ళీ రాదని మరొక వాదం. మన కుటుంబాలలో రెండు పక్షాలవారూ వున్నారు.

ఎటు మొగ్గినా, ఇలాటి విషయాల మీద ప్రభుత్వం పెట్టే బహిరంగ సభలకు వెళ్ళి మాట్లాడండి. పౌరసత్వం వచ్చినవారు, రానివారు ఎవరైనా మాట్లాడవచ్చు. ఇంగ్లీషు యాసను ఎవరూ పట్టించుకోరు. అలెగ్జాండ్రియావాసులు అడిగారు కనుకనే వంతెన ఎత్తు తగ్గింది, వాషింగ్టన్ వీధి దగ్గర హైవే మీద పచ్చని కప్పు వచ్చింది, వంతెన కింద జోన్స్ పాయింట్ పార్కు బాగుపడింది. అడగనివారికి దక్కినది టీవీలో ఆ వార్త చూడడమే. అడగనిదే అమ్మయినా పెట్టదని మన పెద్దలు వూరికే అనలేదు.