జపాను రాక్ సంగీతము : భాషాసమస్య

ఒక దేశమున పుట్టిన గేయరూపము మఱియొక దేశమునకు పోవునపుడు రాగమును, వాద్యమును సులభముగనే వెంట పోవును. భాష మాత్రము అంత సులభముగ లొంగదు. జపాను దేశమున రాక్ సంగీతము వ్యాపించిన తీరు ఇందులకు చక్కని నిదర్శనము. ఛందస్సును పరిశీలించు మనకు ఈ చరిత్ర వినోదమాత్రము కాదు.

1958 ఫిబ్రవరిలో టోక్యో నగరమందలి నిచిగెకి నాటకశాలలో జరిగిన 'వెస్టర్న్ కార్నివాల్' ప్రదర్శనములతో అమెరికా రాకబిలీ పాటలకు అచ్చటి యువజనులలో విశేషాదరణము లభించెను. 1965లో వెంచర్స్ అను అమెరికా బృందము పర్యటించుటతో ఎలక్ట్రిక్ గిటారుపై మోజు ప్రబలెను. వారిది ప్రధానముగ వాద్యసంగీతము. కావున భాషాప్రసక్తి అప్పటికి రాలేదు. 1966లో బీటిల్స్ బృందము బుదోకాన్ మందిరమున పాడిన పిమ్మట, గాత్రవాద్యములు రెండును గల స్థానిక బృందములు వెల్లివిరిసెను. వీనికి 'గ్రూప్ సౌండ్స్' అని పేరు. వీనిలో బ్లూ కామెట్స్ వారి 'బ్లూ షాతో' గీతము 1967లో జపాన్ రికార్డు పురస్కారమును పొందెను. అయినను ఈ కోవ పాటలలో అనేకము వృత్తిరచయితలు కూర్చినవే. పూర్వపు జనప్రియగీతముల ఛాయ వానిని విడువలేదు. 1971 నాటికి ఆ వేడి చల్లారెను.

ఆ సంధికాలముననే అసలు ప్రశ్న తలయెత్తెను: రాక్ సంగీతమును జపానీ భాషలో పాడవచ్చునా? 1970–71 ప్రాంతమున పత్రికలలో దీనిపై తీవ్రమైన వాదము జరిగెను. ప్రపంచశ్రోతలను పొందవలెనన్న ఆంగ్లముననే పాడవలెనని ఉచిదా యూయా పక్షము. ఆయన ప్రోత్సహించిన ఫ్లవర్ ట్రావెలిన్ బ్యాండ్ ఆంగ్లముననే పాడుచు, 1971లో 'సతోరి' అను ఆల్బమును వెలువరించెను. మాతృభాషయే శరణ్యమని హాప్పీ ఎండ్ బృందము వారి పక్షము.

ఈ వాదమునకు మూలము భాషాతత్త్వమున కలదు. ఆంగ్లమున అక్షరములపై ఊనిక ప్రధానము; రాక్ తాళపు దెబ్బ ఆ ఊనికపై పడును. జపానీ భాషకు అట్టి బలమైన ఊనిక లేదు. స్వరము హెచ్చుతగ్గులతో, సమమైన మాత్రలతో నడచును. 'నిప్పొన్' అను పదమును వారు నాలుగు మాత్రలుగ లెక్కింతురు. మన లక్షణము ననుసరించి గురుద్వయముగ లెక్కించినను నాలుగు మాత్రలే! హృదయార్థకమైన 'కొకొరొ' పదమునకు మాత్రకొక స్వరము చొప్పున మూడు స్వరములు కావలెను. ఆంగ్లపు 'హార్ట్' ఒకే స్వరమున ఇముడును. కాలపరిమితి ఒకటే యైనచో జపానీ పాటలో చెప్పగల అర్థము స్వల్ప మగును.

హాప్పీ ఎండ్ వారు ఈ చిక్కును తప్పించుకొనక ఎదుర్కొనిరి. పదమును అనూహ్యస్థానమున విఱిచి, అచ్చును సాగదీసి, తాళమునకు భాషను ఒదిగించిరి. 1971 నాటి 'కజెమచి రోమన్' ఆల్బమున మత్సుమొతో తకాషి రచించిన గీతములు మారిపోయిన పాత టోక్యోను స్మరించును. 1972లో వెలసిన కారోల్ బృందము జపానీ పాదములను ఆంగ్లపదములతో కలిపి పాడెను. 1978లో సదరన్ ఆల్ స్టార్స్ గాయకుడు కువతా కెయిసుకె జపానీ పదములనే ఆంగ్లోచ్చారణచ్ఛాయతో, ఒక స్వరమున పెక్కు మాత్రలు ఇమిడ్చి పాడి అపారప్రజాదరణము నార్జించెను.

ఉచిదా పక్షపు కోరిక అల్ప మైనది కాదు. కాని స్వదేశమున నిలిచినది మాతృభాషాగానమే. జపానీ గీతములతో పేరొందిన లార్కాన్సియెల్ బృందము 2012లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ వేదిక నెక్కుట గమనింపదగినది. అజంతమై, మాత్రాగణనకు అలవడిన తెనుఁగునకును ఇందొక పాఠము కలదు. పరాయి తాళమునకు భాష పనికిరాదని తలఁచుటకు ముందు, ఆ భాషలోని మాత్రను ఎచ్చట విఱువవచ్చునో, ఎచ్చట సాగదీయవచ్చునో పరీక్షింపవలెనని మా అభిప్రాయము.