తొలి కొలువు కోసం దివిసీమలో మకాం

అవనిగడ్డ :

ఒక చేతిలో బట్టల సంచి, మరో చేతిలో ప్లాస్టిక్ బకెట్టు, చంకలో చుట్టిన చాప. శ్రీకాకుళం నుంచో, ప్రకాశం నుంచో రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారుజామున అవనిగడ్డ బస్టాండులో దిగే యువతీ యువకులను చూస్తే, వారు ఏ పని మీద వచ్చారో ఇక్కడి ఆటోవాలాలు అడగరు. ఏ కోచింగ్ సెంటరు దగ్గర దించాలని మాత్రమే అడుగుతారు. డీఎస్సీ శిక్షణ అనగానే రాష్ట్రంలో నిరుద్యోగులకు ముందుగా గుర్తుకు వచ్చే పేర్లలో ఈ చిన్న పట్టణం ఒకటి. 1977 నవంబరు ఉప్పెనతో దివిసీమ పేరు దేశమంతటా తెలిసింది. అయితే ఉద్యోగం లేని పట్టభద్రులకు ఈ సీమ తెలిసింది మాత్రం ఈ గదుల వల్లనే.

పల్లెటూళ్లలో బి.ఎ., బి.కాం., బి.ఎస్సీ. చదివిన పిల్లలకు తొలి ఉద్యోగం అంటే ఇప్పటికీ పంతులు ఉద్యోగమే. కాలేజీకి కంపెనీల వారు వచ్చి ఎంపిక చేసుకుని పోయే భాగ్యం ఇంజనీరింగు వారికే అంతంతమాత్రం. మామూలు డిగ్రీ వారి ముఖం చూసేదెవరు? ఊరి బడిలో మాస్టారు నెల మొదట జీతం తీసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరుకోవడం చిన్నప్పటి నుంచి చూసిన తల్లిదండ్రులకు అంతకు మించిన కొలువు కనబడదు. జీతం కూడా తక్కువదేమీ కాదు. 2022 వేతన సవరణ ప్రకారం సెకండరీ గ్రేడ్ టీచర్ మూలవేతనం 32,670 రూపాయలతోను, స్కూల్ అసిస్టెంట్‌ది 44,570 రూపాయలతోను మొదలవుతుంది. ఎకరం, రెండెకరాల మీద బ్రతికే కుటుంబానికి ఇది ఏడాది పంట కంటే నమ్మకమైన ఆదాయం.

చిక్కల్లా ఎదురుచూపులోనే ఉన్నది.

21 ఏళ్ల వయసులో 2016లో డిగ్రీ ముగించిన యువకుని సంగతే తీసుకుందాం. స్కూల్ అసిస్టెంట్ కావాలంటే బి.ఇడి. ఉండాలి. అంతకు ముందు ఏడాదిలో ముగిసే ఆ చదువు 2015 నుంచి రెండేళ్లయింది. 2018లో బి.ఇడి. పట్టా, ఆ మీదట టెట్, ఆ వెంటనే డీఎస్సీ. 2018 డిసెంబరు, 2019 జనవరి నెలల్లో ఆ పరీక్షలు జరిగాయి. మొదటి ప్రయత్నంలో ఒకటి రెండు మార్కులతో తప్పిపోయిన వారు, వచ్చే ఏడాది చూద్దాంలే అనుకున్నారు. ఆ వచ్చే ఏడాది రావడానికి ఆరేళ్లు పట్టింది. 2025 జూన్‌లో మళ్లీ పరీక్ష హాలులో అడుగు పెట్టేసరికి అతని వయసు 30. తోటివారికి పిల్లలు బడికి పోతున్నారు. ఇతనింకా బడిలో చేరడానికి పుస్తకాలు చదువుతున్నాడు.

ఈ నడుమ 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఒక ప్రకటన వెలువడి రద్దయింది. జూన్‌లో ప్రభుత్వం మారాక 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ఫైలుపై ముఖ్యమంత్రి తొలి సంతకం చేశారు. నేడో రేపో నోటిఫికేషన్ అనుకుని పుస్తకాలు సర్దుకుని వచ్చినవారు ఎస్సీ వర్గీకరణ తేలేవరకు ఆగవలసి వచ్చింది. చివరికి 2025 ఏప్రిల్ 20న ప్రకటన వచ్చింది. సంతకానికి, ప్రకటనకు మధ్య గడిచిన నెలలకు గది అద్దె, మెస్ బిల్లు ఎవరు కట్టారో ఏ లెక్కల్లోనూ ఉండదు. కట్టింది తండ్రులు. కొన్ని ఇళ్లలో కట్టింది పెళ్లయిన అక్కలు.

గది అంటే గది కాదు. నలుగురు పడుకుంటే అయిదోవారు కాలు చాపలేని చోటు. తెల్లవారుజామున లేచి చదువు, టిఫిను, క్లాసు, మధ్యాహ్నం మెస్సులో భోజనం, మళ్లీ క్లాసు, రాత్రి మళ్లీ చదువు. ఆదివారం నాడు పరీక్ష. సైకాలజీ బిట్లు, తెలుగు వ్యాకరణం, ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రం. డిగ్రీలో చదివిన పాఠాల కంటే చిన్న తరగతుల పాఠ్యపుస్తకాలే ఇక్కడ ముఖ్యం. పాత పుస్తకాలు చేతులు మారుతూ ఉంటాయి. పసిపిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చిన తల్లులు కూడా ఈ గదుల్లో కనిపిస్తారు. రాత్రి ఫోనులో బిడ్డ గొంతు విని కళ్లు తుడుచుకుని మళ్లీ పుస్తకం తెరవడం వారికి నిత్యకృత్యం.

నోటిఫికేషన్ వస్తుందంటే ఊరికి కళ వస్తుంది. గదుల అద్దెలు పెరుగుతాయి, టిఫిను బండ్లు రెండింతలవుతాయి, జిరాక్సు షాపుల వద్ద క్యూలు కనబడతాయి. రాదని తేలిపోతే వీధులు బోసిపోతాయి. నిరుద్యోగుల ఆశ మీద నడిచే వ్యాపారమని దీనిని తప్పు పట్టేవారు లేకపోలేదు. అందులో నిజం లేకపోలేదు గాని, సర్కారు సకాలంలో నియామకాలు జరిపితే ఈ వ్యాపారానికి ఇంత గిరాకీ ఎక్కడిది?

మరో దెబ్బ న్యాయస్థానం తీర్పు రూపంలో తగిలింది. బి.ఇడి. చేసినవారు ప్రాథమిక తరగతుల బోధనకు అర్హులు కారని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీనితో ఎస్జీటీ పోస్టులు ఇంటర్ తరువాత డి.ఇడి. చేసినవారికే మిగిలాయి. చిన్నపిల్లలకు చదువు చెప్పే పద్ధతి వేరు, దానికి తగిన శిక్షణ వేరు అన్న కోర్టు మాటలో న్యాయమున్నది. అయితే రెండు రకాల పోస్టులకూ పోటీ పడవచ్చుననుకుని బి.ఇడి.లో చేరినవారికి ఒక తలుపు మూసుకుపోయిన మాట కూడా నిజం. మెగా డీఎస్సీలో 7,725 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు కాగా, 6,371 ఎస్జీటీ పోస్టులు ఉండటం వారి బాధను మరింత పెంచింది.

ఎదురుచూసిన కాలంలో వీరంతా ఖాళీగా కూర్చున్నారనుకుంటే పొరపాటు. చాలామంది తొలి సంపాదన ప్రైవేటు బడిలోనే. 2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూతపడగా ఆ జీతాలూ ఆగిపోయాయి. నిన్నటి దాకా సారూ అని పిలిపించుకున్నవారు కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనులకు వెళ్లారు. అంతకు ముందు 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలు వచ్చాయి. 1.26 లక్షలకు పైగా పోస్టులు, 21 లక్షలకు మించిన దరఖాస్తులు. అక్టోబరు 2న సచివాలయాలు ప్రారంభమయ్యాయి. ప్రొబేషన్ రెండేళ్లు, నెలకు 15,000 రూపాయలు అన్నారు. ఆ ప్రొబేషన్ ఖరారు ఉత్తర్వులు వచ్చింది 2022లో. పంతులు ఉద్యోగం వచ్చేదాకా ఇది అనుకుని చేరినవారిలో కొందరు ఆఫీసు పని ముగించుకుని రాత్రిళ్లు డీఎస్సీకి చదివారు. చేతిలో ఒక ఉద్యోగం ఉన్నవారికి పరీక్ష భయం తక్కువని తోటివారు చెప్పుకుంటారు.

దరఖాస్తు చేసేటప్పుడు చదువు కంటే కాగితాల గొడవ ఎక్కువ. జిల్లా పోస్టుల్లో 80 శాతం స్థానికులకే. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు దీనికి ఆధారం. స్థానికుడని రుజువు చేసేది నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు ఎక్కడ చదివాడన్న స్టడీ సర్టిఫికెట్లు. తండ్రి పనికోసం ఊళ్లు మారితే పిల్లవాడు మూడు బడులు మారి ఉంటాడు. అందులో ఒక ప్రైవేటు బడి మూతపడితే మండల విద్యాశాఖ కార్యాలయం చుట్టూ ప్రదక్షిణం తప్పదు. డిగ్రీ చదివే రోజుల్లోనే ఈ కాగితాలు తెచ్చి దాచుకున్నవారు బాగుపడ్డారు. చివరి రోజు దాకా ఊరుకున్నవారే అవస్థ పడ్డారు. రుసుము ఒక్కో పోస్టుకు 750 రూపాయలు. మూడు పోస్టులకు పెట్టిన అభ్యర్థి 2,250 రూపాయలు చెల్లించుకున్నాడు.

టెట్ మార్కులకు 20 శాతం, డీఎస్సీ పరీక్షకు 80 శాతం వెయిటేజీ. అందుకే టెట్ పాసయినవారు కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ మళ్లీ రాస్తారు. కంప్యూటర్ ద్వారా వేర్వేరు రోజుల్లో జరిగిన పరీక్షలకు నార్మలైజేషన్ పేరుతో మార్కులు సర్దుబాటు చేశారు. తన పేపరు కష్టంగా వచ్చిందన్న బెంగ ప్రతి అభ్యర్థికీ ఉంటుంది. ఆ సర్దుబాటు లెక్క అర్థమైనవారు మాత్రం అరుదు.

2025 జూన్ 6 నుంచి జులై 2 వరకు పరీక్షలు జరిగాయి. 3.3 లక్షల మందికి పైగా దరఖాస్తు చేయగా 15,941 మంది ఎంపికయ్యారు. తగిన అభ్యర్థులు లేక 400 పైచిలుకు పోస్టులు మిగిలిపోయాయి. ఎంపికైనవారు సెప్టెంబరు 25న వెలగపూడిలో నియామక పత్రాలు అందుకుని, అక్టోబరులో బడుల్లో చేరారు. నలభై దాటాక తొలి ప్రభుత్వ జీతం అందుకున్నవారు కూడా వారిలో ఉన్నారు. వయోపరిమితి 44 ఏళ్లుగా పెట్టారు గనుక సరిపోయింది.

మిగిలినవారి సంగతి? డీఎస్సీని ఏటా జరుపుతామని ప్రభుత్వం ప్రకటించింది. కొందరు ఆ మాట నమ్మి గదులు ఖాళీ చేయలేదు. కొందరు ప్రైవేటు బడులకు తిరిగిపోయారు. ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే, అక్టోబరులో, మళ్లీ టెట్ ప్రకటన వెలువడింది. అవనిగడ్డ బస్టాండులో బకెట్లతో దిగేవారు మళ్లీ కనిపించారు.