పాత యంత్రం – కొత్త కార్డు

ఇంటిలోని వస్తువు పాతబడినప్పుడు మనిషి ముందు మూడు మార్గాలుంటాయి. ఉన్నదానిని ఉన్నట్లే వాడుకోవడం మొదటిది, కొంత మార్చి మెరుగుపరచుకోవడం రెండవది, విడిచిపెట్టి కొత్తది తెచ్చుకోవడం మూడవది. వీటిలో రెండవ మార్గమే మిక్కిలి వివేచనను కోరుతుంది. ఏ భాగాన్ని మార్చాలో ఎరుగక మార్చినవాడు ధనాన్నీ కోల్పోతాడు, ఫలితాన్నీ పొందలేడు. కంప్యూటరుపై ఆటలాడే యువతకు ఈ సమస్య తరచుగా గ్రాఫిక్స్ కార్డు రూపంలో ఎదురవుతుంది.

చెరకు పంటకు, గోవాడ సహకార చక్కెర కర్మాగారానికి పేరుపడిన చోడవరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. చిరకాలం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరిన పట్టణమిది. ఇక్కడ ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి ఇంట పదేళ్లు దాటిన కంప్యూటరు ఉందనుకుందాం. అందులో ఇంటెల్ నాలుగవ తరం ఐ5 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, 450 వాట్ల పవర్ సప్లై ఉన్నాయి. మానిటరు 1920×1080 బిందువులది. కొత్త ఆటలు దానిపై తడబడుతున్నాయి. చెరకు సొమ్ములోంచి కొంత ఇస్తానని తండ్రి అన్నాడు. ఆ సొమ్ము ఒక్కసారే చేతికి వస్తుంది. తెచ్చిన కార్డు పనికిరాకపోతే మరల అడగడానికి నోరు రాదు. కనుక ఆలోచన అంతా కొనుగోలుకు ముందే జరగాలి.

మొదట గ్రాఫిక్స్ కార్డు చేసే పని ఏమిటో తెలుసుకోవాలి. మనం తెరపై చూసే దృశ్యం చిన్న చిన్న రంగు బిందువుల సముదాయం. 1920×1080 తెరలో 20,73,600 బిందువులుంటాయి. ఆట సాఫీగా సాగాలంటే సెకనుకు 60 చిత్రాలు మారాలి. ఈ చిత్రాలనే ఫ్రేములంటారు. అంటే సెకనుకు పన్నెండు కోట్లకు పైగా బిందువుల రంగులను నిర్ణయించాలి. ఒక్కొక్క ఫ్రేముకు దొరికే వ్యవధి సెకనులో అరవయ్యవ వంతు మాత్రమే. ఒకే తీరు లెక్కను వేల చేతులతో ఏకకాలంలో చేయగల సామర్థ్యం ఈ కార్డుకు ఉంది. ఎన్విడియా సంస్థ 1999లో జీఫోర్స్ 256 అనే కార్డును విడుదల చేసి, దానిని ప్రపంచపు తొలి జీపీయూగా ప్రచారం చేసింది. ఆటల కోసం పుట్టిన ఈ సామర్థ్యమే తరువాత విజ్ఞానరంగానికీ అక్కరకు వచ్చింది. 2012లో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు బొమ్మలను గుర్తించే అలెక్స్‌నెట్ అనే కృత్రిమ మేధా వ్యవస్థకు శిక్షణ ఇచ్చింది రెండు జీటీఎక్స్ 580 కార్డులపైనే. ఇవి ఆటలాడేవారి కోసం తయారైన కార్డులు.

అయితే కార్డు ఒంటరిగా పనిచేయదు. ప్రతి ఫ్రేములోను ఏ వస్తువు ఎక్కడ ఉండాలో, ఏ పాత్ర ఎటు కదలాలో ముందుగా లెక్కించి ఆజ్ఞలు పంపేది ప్రాసెసరు. ఆ ఆజ్ఞల ప్రకారం చిత్రించేది కార్డు. బెల్లం వంటను చూసినవారికి ఈ సంబంధం సులభంగా బోధపడుతుంది. గానుగ చెరకును ఆడి రసం తీస్తుంది. ఆ రసం పెనంలో మరిగి, పాకమై, బెల్లమవుతుంది. గానుగ నెమ్మదిగా ఆడుతుంటే ఎంత పెద్ద పెనం తెచ్చినా బెల్లం పెరగదు. పెనం చిన్నదైతే గానుగ వేగం వ్యర్థం. ఇక్కడ ప్రాసెసరు గానుగ, కార్డు పెనం. సెకనుకు 50 ఫ్రేములకు మించి ఆజ్ఞలు పంపలేని ప్రాసెసరు పక్కన 150 ఫ్రేములు గీయగల కార్డును ఉంచితే, మనం కొన్న సామర్థ్యంలో అధికభాగం ఊరకే కూర్చుంటుంది.

లోపం గానుగదో పెనానిదో తెలుసుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. ఆటలో ఫ్రేముల సంఖ్యకు పరిమితి ఉంటే ముందుగా దానిని తొలగించి, సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో గమనించాలి. తరువాత ఆట అమరికలలో తెర స్పష్టతను బాగా తగ్గించి మళ్లీ చూడాలి. ఫ్రేములు చెప్పుకోదగినంతగా పెరిగితే భారమంతా కార్డుపై ఉన్నదని అర్థం. అప్పుడు కొత్త కార్డు ఫలితమిస్తుంది. ఫ్రేములు పెరగకపోతే అడ్డంకి ప్రాసెసరు లేదా ర్యామ్ దగ్గర ఉన్నట్లు భావించాలి. అట్టి యంత్రానికి ఖరీదైన కార్డు కొనడం పెనం మార్చి గానుగను మరచిపోవడమే. ఈ పరీక్షకు ముందు పెట్టె తెరచి దుమ్ము దులపడం కూడా అవసరం. ఫ్యాన్లలో దుమ్ము పేరుకుంటే వేడి పెరిగి, తమను తాము కాపాడుకోవడానికి ప్రాసెసరు, కార్డు వేగాన్ని తగ్గించుకుంటాయి.

కార్డే కారణమని తేలిన పిమ్మట అది యంత్రంలో ఇముడుతుందా అని విచారించాలి. పెట్టె లోపలి పొడవును స్కేలుతో కొలిచి, కార్డు పొడవుతో సరిచూడాలి. నేటి కార్డులలో అనేకం రెండు స్లాట్ల మందాన్ని ఆక్రమిస్తాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లలో కొత్త తరం కార్డు పాత తరం స్లాటులోనూ పనిచేస్తుంది. కాని వాటి నడుమ సమాచారం సాగే దారుల సంఖ్య గమనించదగినది. మన విద్యార్థి యంత్రం వంటి మూడవ తరం స్లాటులో ఒక్కొక్క దారి గుండా సెకనుకు సుమారు 1 జీబీ సమాచారం సాగుతుంది. 2022లో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కార్డులకు నాలుగే దారులు. నాలుగవ తరం స్లాటులో ఆ లోటు అంతగా తెలియదు. పాత స్లాటులో వేగం స్పష్టంగా తగ్గుతుంది. పాత యంత్రాలవారు ఎక్కువగా చూసేది చవక కార్డులనే. కాబట్టి ఈ విషయంలో జాగ్రత్త అవసరం.

అన్నిటికన్న ముఖ్యమైనది విద్యుత్తు. స్లాటు నుండి కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు అందుతుంది. అంతకు మించి కావాలంటే పవర్ సప్లై నుండి వేరే తీగ రావాలి. ఆరు పిన్నుల తీగ 75 వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లు ఇవ్వగలవు. మన విద్యార్థి యంత్రంలో ప్రాసెసరుకు 84 వాట్లు, మిగిలిన భాగాలకు సుమారు 60 వాట్లు అనుకుందాం. దానికి 132 వాట్ల రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 చేర్చితే మొత్తం 276 వాట్లవుతుంది. 450 వాట్ల మంచి పవర్ సప్లై దీనిని మోయగలదు. కాని గోడ వైపు నుండి చూస్తే లెక్క మారుతుంది. పవర్ సప్లై నూటికి ఎనభై వంతుల సామర్థ్యంతో పనిచేస్తే అది లాగేది 345 వాట్లు. మానిటరుకు మరో 30 వాట్లు కలిపితే 375. మన ఇళ్లలో కనిపించే 600 వీఏ యూపీఎస్‌లు అనేకం 360 వాట్లనే భరిస్తాయి. ఆట ముమ్మరంగా సాగుతున్నప్పుడు కరెంటు పోతే యూపీఎస్ కూడా ఆగిపోతుంది. అదే 70 వాట్ల కార్డయితే మొత్తం లాగుడు సుమారు 300 వాట్లకు పరిమితమై, యూపీఎస్ నిలబడుతుంది. తీగ లేని పవర్ సప్లైకి మార్పిడి తీగలు తగిలించి పెద్ద కార్డును నడపడం మాత్రం ప్రమాదకరం. తీగలు వేడెక్కి కరిగే అవకాశం ఉంది.

ఇక కార్డుల విషయం. 2024 ఫిబ్రవరిలో విడుదలైన ఆర్‌టీఎక్స్ 3050 కార్డు 6 జీబీ రకం 70 వాట్లతో నడుస్తుంది. వేరే తీగ అవసరం లేని నమూనాలు అందులో లభిస్తాయి. 2022లో ఇదే పేరుతో వచ్చిన 8 జీబీ రకం 130 వాట్లు కోరుతుంది. వేగంలోనూ అది మిన్న. పేరొక్కటే, సరుకు వేరు. కనుక పెట్టెపై ఉన్న పేరునే కాక జ్ఞాపకశక్తిని, వాట్లను కూడా చదవాలి. కొత్త పవర్ సప్లైకి, యూపీఎస్‌కి సొమ్ము సరిపోయేవారికి ఆర్‌ఎక్స్ 6600 వంటి 8 జీబీ కార్డు మరింత తృప్తినిస్తుంది. 4కె తెరకు తగిన కార్డును 1080 తెర కోసం కొనడం అనవసరం. 4కె తెరలో బిందువులు దీనికి సరిగా నాలుగు రెట్లు.

వాడిన కార్డు చవకగా దొరుకుతుంది. విశాఖపట్నంలో కొన్నా, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటరు బజారు నుండి తెప్పించుకున్నా, బిల్లు, మిగిలిన వారంటీ చూడాలి. కళ్లెదుట అరగంట ఆట నడిపించి చూడాలి. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతిని మార్చుకునేదాకా అసంఖ్యాకమైన కార్డులు డిజిటల్ నాణేల కోసం రాత్రింబగళ్లు శ్రమించాయి. అటువంటివాటిలో ఫ్యాన్లు అరిగి ఉండవచ్చు. పాత కార్డుకు కొత్త పేరు అంటించి అమ్మే మోసాలూ ఉన్నాయి. జీపీయూ-జడ్ అనే ఉచిత సాధనం వాటిలో అనేకాన్ని పట్టి ఇస్తుంది.

మరొక అంశాన్ని విస్మరించరాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోరే అర్హతల జాబితాలో నాలుగవ తరం ప్రాసెసర్లు లేవు. అంటే ఈ యంత్రపు ఆయుర్దాయం స్వల్పం. రేపు కొనబోయే యంత్రంలోకి మార్చుకొనగల కార్డయితేనే నేటి ఖర్చు సార్థకం.

కాశ్మీర ఆలంకారికుడైన క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలో కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని ప్రతిపాదించాడు. ఆభరణం ఎంత విలువైనదైనా తగిన చోట లేకపోతే శోభించదని ఆ సిద్ధాంతం. కార్డు కూడా యంత్రానికి ఒక ఆభరణమే. మన చోడవరం విద్యార్థి పరీక్షలో ఫ్రేములు పెరిగితే, 70 వాట్ల కార్డును బిల్లుతో కొని, మిగిలిన సొమ్ముతో ర్యామ్‌ను 16 జీబీకి పెంచుకోవడం అతనికి ఉచితమైన నిర్ణయం. పెరగకపోతే ఏ కార్డూ కొనక, ఆ చెరకు సొమ్మును కొత్త యంత్రం కోసం దాచుకోవడం అంతకన్న ఉచితం.