తగలకుండా ఆపే రింగు

"టర్బోలో ఆయిల్ సీల్ ఎక్కడుంది సార్?"

డిప్లొమా క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. ల్యాబ్‌లో బల్ల మీద నిలువునా కోసిపెట్టిన టర్బోచార్జర్ ఒకటి ఉంటుంది. ఒక పక్క ఎగ్జాస్ట్ పొగ తిప్పే టర్బైన్ వీల్, ఇంకో పక్క ఇంజన్‌లోకి గాలి కుక్కే కంప్రెసర్ వీల్, రెంటినీ కలిపే సన్నటి షాఫ్టు, నడుమ దాన్ని మోసే బేరింగులు. అడిగే పిల్లలు బైకు ఇంజన్లు విప్పి బిగించిన చేతులవాళ్లే. తిరిగే షాఫ్టు ఎక్కడుంటే అక్కడ నల్లటి రబ్బరు సీలు ఉంటుందని వాళ్లకి తెలుసు. క్రాంక్ షాఫ్టు చివర ఉంటుంది, గేర్‌బాక్సులో ఉంటుంది. ఇక్కడ ఎంత వెతికినా కనపడదు.

షాఫ్టు బయటికి లాగి చూపిస్తాను. టర్బైన్ వీల్‌కి ఆనుకుని షాఫ్టు కాస్త లావెక్కిన చోట ఒక గాడి, ఆ గాడిలో ఒక లోహపు రింగు. వెడల్పు మిల్లీమీటరు, మహా అయితే మిల్లీమీటరున్నర. ఒకచోట తెగి ఉంటుంది. వేలితో తిప్పితే గాడిలో వదులుగా కదులుతుంది. కంప్రెసర్ వైపు కూడా ఇలాంటిదే ఇంకొకటి. అంతే, టర్బోకి సీలంటే ఇవే. "ఇంత లూజుగా ఉన్నది ఆయిల్‌ని ఏం ఆపుతుంది సార్?" అని వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. ఆ రెండో ప్రశ్న కోసమే నేను ఎదురు చూస్తుంటాను.

ముందు రబ్బరు ఎందుకు పనికిరాదో లెక్క కట్టి చూద్దాం. రింగు ఉన్నచోట షాఫ్టు వ్యాసం 16 మిల్లీమీటర్లు అనుకోండి. కారు టర్బో నిమిషానికి లక్షన్నర చుట్లు తిరగడం మామూలు సంగతి, చిన్నవి రెండు లక్షలు కూడా దాటుతాయి. లక్షన్నర అంటే సెకనుకు 2,500 చుట్లు. ఒక్కో చుట్టుకీ షాఫ్టు అంచు దాదాపు 50 మిల్లీమీటర్లు నడుస్తుంది కాబట్టి, దాని వేగం సెకనుకు 125 మీటర్లు. గంటకు 450 కిలోమీటర్లన్నమాట! మామూలు రబ్బరు సీలు పెదవి సెకనుకు పదిహేను మీటర్లకి కాస్త అటూఇటూగా తట్టుకుంటుంది. ఆపైన ఆ రాపిడి వేడికే మాడిపోతుంది. ఇక టర్బైన్‌లోకి వచ్చే పొగ వేడి డీజిల్ ఇంజన్లో 700, 800 డిగ్రీల సెల్సియస్, పెట్రోల్ ఇంజన్లో 950 దాటుతుంది. మేలురకం రబ్బరు కూడా 200 దాటాక ఎంతోసేపు నిలవదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ షాఫ్టు ఒకచోట నిలబడి తిరగదు. చాలా టర్బోల్లో బేరింగంటే ఒక వదులైన బుష్షు. దాని లోపల ఒక ఆయిల్ పొర, బయట ఇంకో పొర. షాఫ్టు ఆ పొరల మీద తేలుతూ, తన చుట్టూ తాను తిరుగుతూనే చిన్న చుట్టు కూడా చుడుతుంటుంది. కొత్త టర్బోనైనా చేత్తో పట్టుకుని షాఫ్టుని పక్కకి ఊపితే కొంచెం ఆడుతుంది. "ప్లే వచ్చేసింది, టర్బో పోయింది" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేవాళ్లున్నారు. పక్కకి ఆ కొద్దిపాటి ప్లే ఉండాల్సిందే. ఆయిల్ పొర కూర్చునేది అందులోనే. ఇలా అటూఇటూ తిరుగాడే షాఫ్టుని గట్టిగా పట్టుకుని కూర్చునే సీలేదీ ఇక్కడ బతకదు.

ఇప్పుడు రింగు సంగతి. చూసినవాళ్లంతా అది షాఫ్టుతో పాటు తిరుగుతుందనుకుంటారు. తిరగదు. దాన్ని తయారుచేసేటప్పుడే అది కూర్చోబోయే రంధ్రం కన్నా రవ్వంత పెద్దదిగా చేస్తారు. నొక్కి లోపలికి దూర్చగానే స్ప్రింగులా విచ్చుకుని హౌసింగ్ గోడని పట్టుకుంటుంది. పట్టుకుని అక్కడే నిలిచిపోతుంది. షాఫ్టు మీది గాడి మాత్రం ఆ నిలిచిన రింగుని నడుమ ఉంచుకుని గిర్రున తిరుగుతుంటుంది. రింగు పక్కలకీ గాడి గోడలకీ మధ్య సందు మిల్లీమీటరులో వందోవంతుల లెక్కలో ఉంటుంది. రింగు కిందా, గాడి అడుగు తగలకుండా కాస్త ఖాళీ ఉంటుంది. అవతలి నుంచి గాలి ఇవతలికి రావాలంటే ఒక పక్క సందులోకి దిగి, రింగు కింద నుంచి దూరి, రెండో పక్క సందులోంచి పైకెక్కాలి. షాఫ్టు ఎటు ఒరిగినా రింగుకి గాడిలో చోటుంది కనుక ఇబ్బంది లేదు.

దారి ఇరుకే గాని మూసుకుపోలేదు. అంటే ఈ సీలు లీకవుతుంది. అలా లీకయ్యేలాగే చేశారు. మరి లీకు ఎటు నుంచి ఎటు? దీని తెలివంతా అక్కడుంది.

బండి లోడు మీద ఉన్నప్పుడు టర్బైన్ వైపు ఎగ్జాస్ట్ ఒత్తిడి, కంప్రెసర్ వైపు కుక్కిన గాలి ఒత్తిడి. నడుమనున్న బేరింగ్ గదిలో మాత్రం దాదాపు బయటి గాలి ఒత్తిడే, ఎందుకంటే ఆ గది కింది డ్రెయిన్ పైపు గుండా క్రాంక్ కేసులోకి తెరుచుకుని ఉంటుంది. కాబట్టి రెండు చివర్ల నుంచీ పొగా గాలీ కొద్దికొద్దిగా లోపలికే దూరుతుంటాయి. సంక్రాంతి ముందురోజు బస్టాండులో బస్సు ఆగగానే ఎక్కేవాళ్లు తలుపులో తోసుకుంటుంటే దిగాల్సినవాళ్లు గడప దాటలేరు చూడండి, లోపలి ఆయిల్ పరిస్థితి అదే. లోపలికొచ్చిన గాలి ఆయిల్‌తో కలిసి నురగై, డ్రెయిన్ పైపులోంచి కిందికి దిగి, క్రాంక్ కేసు బ్రీదర్ దారిన పోతుంది.

అసలు ఆయిల్‌ని రింగు దాకా రానివ్వకుండా ఇంకో ఏర్పాటుంది. బేరింగ్ దాటి పాకే ఆయిల్‌కి రింగు కన్నా ముందు షాఫ్టు మీద ఒక మెట్టో, గాడో, అంచు పైకి లేచిన బిళ్లో ఎదురవుతుంది. ఆ అంచు నుంచి ఆయిల్ విసిరేసినట్టు ఎగిరి గది గోడకి కొట్టుకుని కిందికి జారుతుంది. 16 మిల్లీమీటర్ల షాఫ్టు లక్షన్నర చుట్ల వేగంతో తిరుగుతుంటే దాని అంచు మీద ఉండే అపకేంద్ర త్వరణం గురుత్వాకర్షణకి దాదాపు రెండు లక్షల రెట్లు. ఏ చుక్కా ఆ అంచుని అంటిపెట్టుకుని ఉండలేదు. కాబట్టి ఆయిల్ ఆపే పనిలో ముప్పాతిక వంతు ఈ విసిరే అంచుదీ, ఎదురొచ్చే గాలిదీ అని నా నమ్మకం. రింగు వంతు ఆ గాలిని పిసినారిగా వదలడం వరకే.

ఈ సంగతి తెలియకే మన షెడ్లలో ఎంతో డబ్బు వృథా అవుతోంది. లారీ నీలం పొగ కొడుతుంది, ఇంటర్‌కూలర్ గొట్టంలో ఆయిల్ మడుగు కడుతుంది, "టర్బో సీల్స్ పోయాయి" అంటారు, షాఫ్టూ బేరింగులూ ఉండే నడిమి భాగం, అంటే కోర్, కొత్తది వేస్తారు. కొన్నాళ్లకి మళ్లీ అదే పొగ. అలా వచ్చిన ఒక బండి డ్రెయిన్ ఫ్లాంజి విప్పి చూశాను. గ్యాస్కెట్ వెయ్యాల్సిన చోట ఎవరో సిలికాన్ పేస్టు దట్టంగా పూశారు. బిగించినప్పుడు ఆ పేస్టు లోపలికి ఉబ్బి, ఆరి, రంధ్రాన్ని సగానికి పైగా మూసేసింది. టర్బోకి పైనుంచి ఆయిల్ తెచ్చే పైపు సన్నం, కింద దించే పైపు లావు ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? పైన పంపు తోస్తుంది. కింద తోసేవాళ్లు లేరు, నురగెక్కిన ఆయిల్ తన బరువుతో తానే దిగిపోవాలి. అందుకే ఆ పైపు దాదాపు నిలువుగా దిగాలి, ముప్పై ముప్పైయైదు డిగ్రీలకి మించి వాలకూడదు, ఎక్కడా నొక్కుకుపోకూడదు, సంప్‌లో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. అది మూసుకుంటే బేరింగ్ గది ఆయిల్‌తో నిండిపోతుంది. నిండిన గదిలో విసిరే అంచు ఆయిల్‌ని ఎక్కడికి విసరాలి? కొత్త రింగైనా చేసేదేమీ లేదు.

బ్రీదర్ మూసుకుపోయినా ఇంతే. పిస్టన్ రింగులు అరిగి క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగితే అదీ ఈ గదిలోకే ఎగబాకుతుంది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోతే, బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు కంప్రెసర్ వెనక గాలి పలచబడి ఆయిల్‌ని బయటికి పీలుస్తుంది. మూడింటిలోనూ తిరగబడింది ఒత్తిడే. రింగు రింగులాగే ఉంటుంది. రింగు నిజంగా పాడయ్యే సందర్భం లేకపోలేదు. బాగా లోడు లాగిన బండిని ఠక్కున ఆపేస్తే ఆయిల్ ప్రవాహం ఆగిపోతుంది, టర్బైన్ వేడి షాఫ్టు వెంట లోపలికి పాకుతుంది, గాడిలో మిగిలిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఆ బొగ్గులో రింగు ఇరుక్కుపోతే ఇక కదలలేక అరుగుతుంది. ఆపే ముందు కాసేపు ఐడిల్‌లో ఉంచమని కంపెనీలు చెప్పేది ఇందుకే. బేరింగులే అరిగిపోయి షాఫ్టు మరీ ఊగితే గాడి గోడలు రింగుని తినేస్తాయి. అప్పుడు డీజిల్ ఇంజన్‌కి నిజమైన ప్రమాదం. కంప్రెసర్ వైపు ధారగా వచ్చే ఆయిల్‌నే ఇంధనంగా తాగుతూ, తాళం తీసేసినా ఆగకుండా ఇంజన్ పిచ్చెత్తినట్టు లేస్తుంది. గాలి దారి మూస్తే తప్ప ఆగదు.

ఈ తెగిన రింగు టర్బో కోసం పుట్టినది కాదు. 1850ల మొదట్లో మాంచెస్టర్‌లో రైలింజన్ల షెడ్డు చూసుకునే జాన్ రామ్స్‌బాటమ్ అనే ఇంజనీరుది ఆ ఆలోచన. అంతకు ముందు ఆవిరి ఇంజన్ పిస్టన్ చుట్టూ జనపనార కుక్కేవారు, లేదా బరువైన లోహపు ముక్కలని వెనక నుంచి స్ప్రింగులతో నెట్టేవారు. వేరే స్ప్రింగెందుకు, రింగే స్ప్రింగైతే సరిపోదా అన్నాడాయన. సన్నటి రింగు, ఒకచోట కోత, దాని బిగువే దాన్ని సిలిండర్ గోడకి అదిమి ఉంచుతుంది. నేటికీ ప్రతి పిస్టన్ మీదా ఉన్నది అదే. టర్బోలో నాకు అబ్బురంగా తోచేది ఆ రింగు పాత్ర తిరగబడటం. పిస్టన్ మీద రింగు గాడితో పాటు ప్రయాణిస్తూ గోడని రాస్తుంది. టర్బోలో గోడని పట్టుకుని నిలిచిపోయి, గాడిని తిరగనిస్తుంది. రాపిడి కోసం పుట్టిన వస్తువు రాపిడి పనికిరాని చోట కుదురుకుంది.

దీనికి గట్టి పోటీ ఒక్కసారే వచ్చింది. 1962లో అమెరికాలో రెండు టర్బో కార్లు దిగాయి, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వెయిర్ మోంజా స్పైడర్. రెంటిలోనూ కార్బురేటర్ కంప్రెసర్‌కి ముందుంటుంది. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్నే టర్బో పీల్చి ఇంజన్‌లోకి తోస్తుంది. డ్రైవరు యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడనుకోండి. థ్రాటిల్ మూసుకుంటుంది. ఇంజన్ మాత్రం పీలుస్తూనే ఉంటుంది. నడుమ చిక్కుకున్న కంప్రెసర్ గది మొత్తం వ్యాక్యూమ్‌లోకి పోతుంది. ఇప్పుడు బేరింగ్ గదిలో ఒత్తిడే ఎక్కువ. రింగు ఎవరి బలం చూసుకుని ఆయిల్‌ని నిలబెడుతోందో ఆ ఎదురుగాలి అటువైపు తిరిగిపోయింది.

ఇలాంటి అమరికకి కార్బన్ సీలు కావాల్సి వచ్చింది. నున్నగా మెరుగుపెట్టిన ఉక్కు బిళ్ల షాఫ్టుతో తిరుగుతుంటే, కదలని కార్బన్ రింగుని స్ప్రింగు దాని ముఖానికి అదిమి ఉంచుతుంది. కార్బన్ తనంతట తనే జారుడు గుణం ఉన్నది కాబట్టి ఆ వేగంలోనూ కొంతకాలం నిలుస్తుంది. ఒత్తిడి ఎటున్నా దానికి లెక్కలేదు, వ్యాక్యూమ్‌లోనూ ఆయిల్‌ని పట్టి ఉంచుతుంది. నిజం చెప్పాలంటే, రింగుతో పోలిస్తే సీలు అనే పేరుకి తగినది ఇదే. కాని అది తగులుతుంది. తగిలేది అరుగుతుంది, వేడెక్కుతుంది, షాఫ్టు వేగాన్ని కాస్త పట్టి లాగుతుంది, జాగా కూడా ఎక్కువ తింటుంది.

కార్బన్‌ని ఓడించింది ఇంకో మంచి సీలు కాదు, పెట్రోల్ ఇంజెక్షన్. 1977లో సాబ్ చూపించిన 99 టర్బో లాంటి కార్లలో ఇంజెక్షన్ వచ్చి, థ్రాటిల్ కంప్రెసర్ తర్వాతకి జరిగింది. కాలు తీసినా కంప్రెసర్ గదిలో వ్యాక్యూమ్ పుట్టదు. డీజిల్‌కి మొదటి నుంచీ ఆ బెడదే లేదు, పాత డీజిల్ ఇంజన్లలో చాలావాటికి థ్రాటిలే ఉండదు. ఒత్తిడి మళ్లీ రింగు పక్షం చేరింది.

పెద్ద టర్బోల కథ వేరు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూచి 1905లోనే టర్బో ఆలోచనకి పేటెంట్ అడిగాడు. అది నమ్మకంగా పనిచేసే యంత్రమవడానికి 1920లు రావాల్సి వచ్చింది. ఓడ ఇంజన్ల మీద కూర్చునే ఆ భారీ టర్బోల్లో ఆవిరి టర్బైన్ల నుంచి తెచ్చుకున్న చిక్కుదారి సీళ్లు వాడారు, ఆవిరి టర్బైన్ల ఇంజనీరు చార్లెస్ పార్సన్స్ బాటలో. షాఫ్టు మీద వరసగా పల్చటి అంచులు, అంచుకీ అంచుకీ మధ్య చిన్న గది. గాలి ప్రతి అంచు దగ్గరా సన్నటి సందులోంచి వేగంగా దూకి, తర్వాతి గదిలో సుడులై ఆ వేగాన్ని పోగొట్టుకుంటుంది. ఒక్కో మెట్టుకీ ఒత్తిడి తగ్గుతూ చివరికి లీకు స్వల్పమవుతుంది. బ్రౌన్ బొవెరీ కంపెనీ వారి వీటీఆర్ టర్బోల్లో ఇంకో అడుగు ముందుకేసి, కంప్రెసర్ నుంచి కొంచెం శుభ్రమైన గాలిని ప్రత్యేక దారిలో టర్బైన్ వైపు సీలు నడుమకి పంపారు. పొగ బేరింగ్ ఆయిల్ వైపు రాబోతే ఈ గాలి ఎదురొస్తుంది. ఆ గాలి దారి మసితో పూడుకుంటే ఆయిల్ నల్లబడటమే మొదటి గుర్తు.

ఇక చిన్న టర్బోల్లో, ఆ తర్వాత రింగులకి మేలురకం మిశ్రలోహాలు వచ్చాయి, ఒకటి బదులు రెండు రింగులు వేసేవారొచ్చారు, బాల్ బేరింగ్ టర్బోలు వచ్చి ఆయిల్ అవసరమే తగ్గింది. హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ కార్లలో గాలి కుక్కే కంప్రెసర్లకి ఇంత లీకు కూడా పనికిరాదు. ఆయిల్ ఆవిరి లేశమంత చేరినా సెల్ పొరలు పాడైపోతాయి. అందుకని అక్కడ చాలావరకు ఆయిల్‌నే తీసేసి, పల్చటి లోహపు రేకుల మధ్య షాఫ్టుని గాలి పొర మీదే తేలుస్తున్నారు.